స్పేర్ డిస్క్ ఉంది, రీబిల్డ్ మాత్రం మొదలవదు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు పెళ్ళి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియోల్లో బోర్డు మీద ఒడియా ఉంటుంది, లోపల మాట తెలుగులో నడుస్తుంది. బల్ల కింద ఒక పాత కంప్యూటరు, అందులో నాలుగు హార్డ్ డిస్కులు, వాటి మీద లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్, అంటే ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కుల్ని కలిపి కట్టే ఏర్పాటు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. మూడు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే ఒక్క పెళ్ళికే 810 జీబీ. ముహూర్తాల రోజుల్లో ఆ డేటా ఎడిటింగ్ అయ్యి చేతికి వెళ్ళేదాకా డిస్కుల మీద బతికి ఉండాలి. డిస్క్ పోతే కొత్తది విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి కాబట్టి, ముందే ఒక స్పేర్ (ఏదైనా డిస్క్ పోతే దాని చోట ఎక్కడానికి ఖాళీగా కాచుకుని ఉండే డిస్క్) బిగించి పెట్టుకోవడం మనవైపు మంచి పద్ధతే.

డిస్క్ పోగానే స్పేర్ దానంతట అదే ఎక్కుతుంది, పోయిన డేటా మిగతా డిస్కుల నుంచి దాని మీద మళ్ళీ తయారవుతుంది. దీన్నే రీబిల్డ్ అనీ, రికవరీ అనీ అంటారు. చాలాసార్లు నిజంగానే ఎక్కుతుంది. ఎక్కనప్పుడు అందరూ ముందు అనుమానించేది స్పేర్‌నే. దాన్ని పీకి, తుడిచి, మళ్ళీ పెడతారు. అసలు తప్పు ఎక్కువగా ఇంకో చోట ఉంటుంది: రెయిడ్ ఉన్న స్థితిలోనో, బతికి ఉందనుకుంటున్న డిస్కులోనో. ఎక్కడుందో తేలకుండా స్పేర్ మీద చేసే ప్రతి పనీ డేటాని ఇంకాస్త ప్రమాదంలోకి నెడుతుంది. అందుకే ఇక్కడ చెప్పే వరుస ముందు చూడటం, తర్వాతే చెయ్యి పెట్టడం.

కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో, రూట్ యూజర్‌గా కొట్టండి.

బ్రాకెట్లో ఎస్ అక్షరం

ముందుగా చూడాల్సింది ప్రాక్ కింద ఉండే ఎండీస్టాట్ ఫైలు. క్యాట్ కమాండ్‌తో తెరిస్తే ఒక్కో రెయిడ్‌కి రెండు మూడు లైన్లు వస్తాయి. మొదటి లైన్‌లో ఎండీ0, యాక్టివ్, రెయిడ్5 (ఒక డిస్క్ పోయినా తట్టుకునే రకం), తర్వాత డిస్కుల పేర్లు. ప్రతి పేరు పక్కన చదరపు బ్రాకెట్లో ఒక అంకె. పాడైన దాని పక్కన గుండ్రటి బ్రాకెట్లో ఎఫ్, స్పేర్ పక్కన ఎస్, రీప్లేస్‌మెంట్‌గా నడుస్తున్న దాని పక్కన ఆర్. రెండో లైన్ చివర [3/2] [యూయూ_] లాంటిది ఉంటుంది. మూడు ఉండాల్సిన చోట రెండే పనిచేస్తున్నాయి, మూడో స్థానం ఖాళీ అని అర్థం.

ఆ ఎస్ అక్షరం అన్నిసార్లూ ఒకే సంగతి చెప్పదు. లైన్‌లో యాక్టివ్ అని ఉంటే ఎస్ అంటే నిజంగా స్పేరే. ఇనాక్టివ్ అని ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. అప్పుడు ఉన్న డిస్కులన్నిటికీ ఎస్ పడుతుంది, డేటా నిండుగా ఉన్న వాటికి కూడా. రెయిడ్ ఇంకా నడవడం మొదలుపెట్టలేదు కాబట్టి ఎవరి స్థానమూ ఖరారు కాలేదన్నదే దాని భావం. గాలివానకు కరెంటు పోయి, తిరిగొచ్చాక మిషన్ లేస్తే ఈ దృశ్యం కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, గంజాం జిల్లాల్లో జరిగినట్టు రోజుల తరబడి కరెంటు లేకుండా పోయాక మిషన్ ఆన్ చేసినా ఇంతే.

"అన్నయ్యా, మూడు డిస్కులూ స్పేర్లైపోయాయి, కొత్తగా రెయిడ్ చేసెయ్యనా?" అని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు: వద్దు. క్రియేట్ ఆప్షన్ జోలికి వెళ్ళకండి. డిస్కుల వరుస, చంక్ సైజు, డేటా ఆఫ్‌సెట్ మూడింట్లో ఏ ఒక్కటి పాతదానితో కలవకపోయినా, పైన మొదలయ్యే రీసింక్ (డిస్కుల్ని ఒకదానితో ఒకటి సరిచేసే పని) ఉన్న డేటాని చెరిపేస్తుంది. చెయ్యాల్సిందల్లా ప్రతి పార్టిషన్ మీద ఎండీఆడ్మ్ (రెయిడ్ పనులన్నీ చేసే కమాండ్) --ఎగ్జామిన్ కొట్టి మూడు లైన్లు కాగితం మీద రాసుకోవడం: డివైస్ రోల్, ఈవెంట్స్ (రెయిడ్‌లో జరిగిన మార్పుల లెక్క), అప్‌డేట్ టైమ్. డివైస్ రోల్ దగ్గర యాక్టివ్ డివైస్ 0, 1, 2 అని ఉంటే అవి డేటా డిస్కులు. అక్కడ స్పేర్ అని ఉన్నదే స్పేర్.

తర్వాత ఎండీఆడ్మ్ --స్టాప్‌తో ఆ సగం కట్టిన రెయిడ్‌ని ఆపి, ఎండీఆడ్మ్ --అసెంబుల్ --స్కాన్ ఇవ్వండి. ఈవెంట్స్ అంకెలు ఒకదానికొకటి కొద్ది తేడాలోనే ఉండి, అయినా అసెంబుల్ ఒప్పుకోకపోతే --ఫోర్స్ జోడించవచ్చు. తేడా వేలల్లో ఉంటే ఆ వెనకబడ్డ డిస్క్ ఎప్పుడో బయటికి పోయిందన్నమాట. దాన్ని పక్కన పెట్టి మిగిలినవాటితో లేపండి. ఒక డిస్క్ అసలు కనిపించకపోతే, కొత్త డిస్ట్రిబ్యూషన్లలో 30 సెకన్లు ఆగి రెయిడ్ తనంతట తాను డీగ్రేడెడ్‌గా, అంటే డిస్క్ తక్కువైన స్థితిలోనే, మొదలవుతుంది. మొదలవకపోతే --రన్ ఆప్షన్ ఆ పని చేస్తుంది.

కొత్తగా రెయిడ్5 కట్టినవాళ్ళని కంగారు పెట్టేది ఇంకొకటి. మూడు డిస్కులతో క్రియేట్ చెయ్యగానే --డీటెయిల్‌లో మూడోది స్పేర్ రీబిల్డింగ్ అని, పైన డీగ్రేడెడ్ అని చూపిస్తుంది. డిస్క్ పాడవలేదు. ఎండీఆడ్మ్ రెయిడ్5ని కావాలనే ఒక డిస్క్ తక్కువగా కట్టి, ఆ చివరి డిస్కుని స్పేర్‌గా చేర్చి దాని మీదికి రికవరీ నడుపుతుంది. అన్ని డిస్కుల పారిటీ (పోయిన డేటాని తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారం) చదివి సరిచూడటం కన్నా అలా చెయ్యడం వేగం. అందుకే ఆ డిస్క్ పక్కన [2] బదులు [3] పడుతుంది, పని పూర్తయ్యాక కూడా అది అలాగే ఉండిపోతుంది.

ఆ రికవరీ నడుస్తుండగా --డీటెయిల్ --స్కాన్ ఫలితాన్ని ఎండీఆడ్మ్ డాట్ కాన్ఫ్‌లో అతికిస్తే అసలు తలనొప్పి మొదలవుతుంది. ఆ క్షణంలో స్పేర్ ఒకటి ఉంది కాబట్టి లైన్‌లో స్పేర్స్=1 అని చేరిపోతుంది. రీబిల్డ్ అయ్యాక స్పేర్ అనేదే ఉండదు. ఇక ప్రతి బూట్‌కీ స్పేర్స్‌మిస్సింగ్ అని మెయిల్ వస్తూనే ఉంటుంది. ఏ డిస్కూ పోలేదు. కాన్ఫ్ ఫైల్లో ఆ స్పేర్స్=1 ముక్క తీసేసి, డెబియన్, ఉబుంటులో అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ -యూ, రెడ్‌హ్యాట్ కుటుంబంలో డ్రాకట్ -ఎఫ్ కొడితే సరిపోతుంది. ఫైలు ఉండే చోటు డెబియన్‌లో ఈటీసీ కింద ఎండీఆడ్మ్ ఫోల్డర్, రెడ్‌హ్యాట్‌లో నేరుగా ఈటీసీ.

చేర్చబోతే ఒప్పుకోదు

కొత్త డిస్క్ బిగించి --యాడ్ ఇస్తే "నాట్ లార్జ్ ఎనఫ్ టు జాయిన్ అర్రే" అంటుంది. రెండూ 4 టీబీయే అయినా అనవచ్చు. 4 టీబీ డిస్కుల్లో సాధారణంగా 7,814,037,168 సెక్టార్లు ఉంటాయి, 2 టీబీలో 3,907,029,168. అవి సరిగ్గా ఉన్నాయో లేదో బ్లాక్‌డెవ్ --గెట్‌ఎస్‌జెడ్‌తో చూడండి. తక్కువగా కనిపిస్తే హెచ్‌డీపార్మ్ -ఎన్ (పెద్ద అక్షరం) కొట్టండి. కొన్ని పాత మదర్‌బోర్డులు బయోస్ కాపీ దాచుకోవడానికి డిస్క్ చివర ఒక ఎంబీ అంత చోటు అడక్కుండా పట్టుకుంటాయి. ఆ ఒక్క ఎంబీ చాలు, డిస్క్ సరిపోదనడానికి. మొదటి రోజే పార్టిషన్‌ని డిస్క్ చివరికంటా లాగకుండా 100 ఎంబీ వదిలి చేసుకుంటే ఈ బాధే ఉండదు. 2 టీబీ దాటిన డిస్క్‌కి జీపీటీ టేబుల్ తప్పనిసరి.

ఊళ్ళో దొరికే యూఎస్‌బీ డాక్‌లతో ఒక చిక్కుంది. కొన్ని డాక్‌లు డిస్కుని 4,096 బైట్ల సెక్టార్లుగా చూపిస్తాయి. అందులో పెట్టి పార్టిషన్ చేసి, తర్వాత సాటా కేబుల్‌కి తగిలిస్తే ఆ పార్టిషనే కనిపించదు, ఎందుకంటే అక్కడ సెక్టార్ 512 బైట్లు. పార్టిషన్ పని ఎప్పుడూ డిస్క్ చివరికి ఉండబోయే కనెక్షన్ మీదే చెయ్యండి.

పాత డిస్క్ నుంచి టేబుల్ కాపీ చేసేటప్పుడు ఎస్‌జీడిస్క్ --రెప్లికేట్ వాడతారు. అక్కడ ఆప్షన్ పక్కన రాసేది కొత్త డిస్క్ పేరు, చివర రాసేది పాత డిస్క్ పేరు. తిరగేస్తే ఖాళీ టేబుల్ వచ్చి డేటా డిస్క్ మీద పడుతుంది. ఎంటర్ కొట్టే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సీరియల్ నంబరు చూసి, డిస్క్ మీద అతికించిన స్టిక్కర్‌తో పోల్చండి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు బూట్ బూట్‌కీ మారవచ్చు, సీరియల్ మారదు. కాపీ అయ్యాక ఎస్‌జీడిస్క్ -జీ (పెద్ద అక్షరం) ఇచ్చి కొత్తదానికి వేరే గుర్తింపులు ఇవ్వండి.

"డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" వస్తే ఆ డిస్కుని ఇంకెవరో పట్టుకున్నారు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూస్తే తెలిసిపోతుంది: పాత రెయిడ్ తాలూకు సూపర్‌బ్లాక్ (డిస్క్ మీద రెయిడ్ వివరాలు, అంటే మెటాడేటా, రాసి ఉండే చోటు) చదివి ఎండీ127 అని ఒకటి తయారై కూర్చుని ఉంటుంది. దాన్ని --స్టాప్ చేస్తే వదులుతుంది. వేరే మిషన్ నుంచి పీకి తెచ్చిన డిస్కుల్లో మదర్‌బోర్డు ఫేక్ రెయిడ్ గుర్తులు, పాత ఎల్‌వీఎమ్ గుర్తులు కూడా ఇదే పని చేస్తాయి. లోపల కావలసినదేమీ లేదని తేలాక వైప్‌ఎఫ్‌ఎస్ -ఏ. పాత 0.90 మెటాడేటా అయితే ఇంకో మెలిక. దాని సూపర్‌బ్లాక్ చివరన ఉంటుంది కాబట్టి చివరి పార్టిషన్‌దో మొత్తం డిస్కుదో తెలియక రెండింటినీ సభ్యులుగా చూపిస్తుంది. తుడిచేటప్పుడు రెండు చోట్లా తుడవాలి.

ఒకప్పుడు ఇదే రెయిడ్‌లో ఉండి బయటికొచ్చిన డిస్కుని మళ్ళీ చేర్చబోతే, యాక్టివ్ మెంబర్‌గా చెప్పుకుంటోంది, రీ-యాడ్ కుదరలేదు, యాడ్ చేస్తే స్పేర్‌గా మారిపోతుంది, అలా కావాలంటే ముందు --జీరో-సూపర్‌బ్లాక్ ఇవ్వమని అంటుంది. ఆ హెచ్చరికని తేలిగ్గా తీసుకోవద్దు. మిగిలిన డిస్కులన్నీ బాగుండి, రెయిడ్ నడుస్తుంటే జీరో చెయ్యవచ్చు. రెయిడ్ ఆగిపోయి ఉంటే ఆ డిస్కులోని పాత డేటాయే రేపు ప్రాణం పొయ్యొచ్చు, ముట్టుకోవద్దు. ఇంటర్నల్ బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే పట్టీ) ఉన్న రెయిడ్‌లో కేబుల్ ఊడి బయటికి పోయిన డిస్కుకి --రీ-యాడ్ ఇస్తే మారిన భాగాలు మాత్రమే సింక్ అయి నిమిషాల్లో పని అయిపోతుంది. బిట్‌మ్యాప్ లేకపోతే ఎండీఆడ్మ్ --గ్రో --బిట్‌మ్యాప్=ఇంటర్నల్ ఈ రోజే పెట్టుకోండి. మాటిమాటికీ కరెంటు పోయే చోట దీనంత లాభం ఇంకే ఒక్క కమాండ్‌లోనూ లేదు.

ఇంకా, రెయిడ్0, లీనియర్‌లకు స్పేర్ అనేదే లేదు. రెయిడ్1, 4, 5, 6, 10లకే ఉంది.

చేరింది, కానీ కదలదు

యాక్టివ్ రెయిడ్, [యూయూ_], పక్కన ఎస్ ఉన్న డిస్క్. రికవరీ లైన్ మాత్రం లేదు. ఇక్కడ ఎండీస్టాట్‌ని ఇంకోసారి నెమ్మదిగా చదవండి, కారణం అందులోనే ఉండవచ్చు.

ఆటో-రీడ్-ఓన్లీ, రీసింక్=పెండింగ్ అని ఉంటే రెయిడ్ ఇంకా రాతకు తెరుచుకోలేదు. మొదటి రైట్ వచ్చేదాకా అలాగే కూర్చుంటుంది. ఎండీఆడ్మ్ --రీడ్‌రైట్ /డెవ్/ఎండీ0 ఇస్తే రీబిల్డ్ కదులుతుంది.

రీసింక్=డిలేడ్ అని ఉంటే వరుసలో ఉంది. ఒకే డిస్కుల మీద రెండు మూడు పార్టిషన్లతో రెండు మూడు రెయిడ్‌లు కట్టినప్పుడు, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. రెండూ ఒకేసారి నడిస్తే డిస్క్ హెడ్ అటూ ఇటూ పరిగెత్తి రెండూ నత్తనడకైపోతాయి కాబట్టి కెర్నలే (లైనక్స్ లోపలి మూల భాగం) అలా పెట్టింది. ఏమీ చెయ్యక్కర్లేదు.

రెండూ కాకపోతే సిస్ కింద బ్లాక్, ఎండీ0, ఎండీ లోపల సింక్_యాక్షన్ ఫైలు చూడండి. ఫ్రోజెన్ అని ఉంటే, గ్రో లాంటి పని మధ్యలో ఎవరో ఎండీఆడ్మ్‌ని కంట్రోల్-సీతో చంపి ఉంటారు. రీషేప్ (డిస్కుల మీద డేటా అమరిక మార్చే పని) సగంలో లేదని --డీటెయిల్‌లో నిర్ధారించుకుని ఆ ఫైల్లోకి ఐడిల్ అని రాస్తే రికవరీ మొదలవుతుంది.

డిస్కుని చేర్చారు, రెయిడ్ క్లీన్‌గా ఉంది, కానీ జాగా పెరగలేదు అంటే అది లోపం కాదు. నిండుగా ఉన్న రెయిడ్‌కి --యాడ్ చేసినది స్పేర్‌గానే ఉంటుంది. పెంచాలంటే --గ్రో --రెయిడ్-డివైసెస్=4 వేరుగా ఇవ్వాలి.

నడుస్తోంది కానీ మరీ నెమ్మది అన్నప్పుడు స్పీడ్_లిమిట్_మిన్ (రీబిల్డ్ కనీస వేగం, సెకనుకు కేబీల్లో) చూడండి, డిఫాల్ట్ 1,000. అంటే డిస్కుల మీద వేరే పని ఉంటే రీబిల్డ్ సెకనుకు ఒక ఎంబీ దాకా తగ్గిపోవచ్చు. ఆ లెక్కన 1 టీబీకే 11 రోజులు దాటుతుంది. ఎడిటింగ్ ఆపలేని రోజైతే 30,000 పెట్టండి, రాత్రి పూట 100,000. ఏ అడ్డూ లేకుండా సగటున 150 ఎంబీ చొప్పున నడిస్తే 4 టీబీకి ఏడున్నర గంటలు. కొన్న స్పేర్ ఎస్‌ఎమ్‌ఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత పడేలా రాసే) రకమైతే ఈ లెక్కలేవీ పనిచెయ్యవు, రాసే కొద్దీ వేగం పడిపోతూ చివరికి టైమౌట్‌లు వస్తాయి. రెయిడ్ కోసం కొనేటప్పుడు సీఎమ్‌ఆర్ (ట్రాకులు విడివిడిగా రాసే రకం) అని మోడల్ డేటాషీట్‌లో చూసుకునే కొనాలి.

91 శాతం దగ్గర ఆగి, మళ్ళీ ఎస్

నిజంగా భయపడాల్సింది దీనికే. రికవరీ బాగానే సాగుతుంది, ఎక్కడో ఒక శాతం దగ్గర ఆగిపోతుంది, ఎక్కించిన డిస్క్ మళ్ళీ స్పేర్‌గా కనిపిస్తుంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడికే వచ్చి ఆగుతుంది. అప్పుడు కొత్త డిస్క్ పాడని షాపుకి తిరిగి పంపేస్తారు. షాపువాడు టెస్ట్ చేసి బాగానే ఉందంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

డీమెసేజ్ (కెర్నల్ సందేశాల చిట్టా, కొట్టాల్సింది డీ-ఎమ్-ఈ-ఎస్-జీ) తెరిచి ఆ సమయానికి ఉన్న లైన్లు చూడండి. రీడ్ ఎర్రర్ ఏ డిస్క్ పేరు మీద ఉంది? స్పేర్ మీద కాదు, చదవాల్సిన పాత డిస్క్ మీద. రెయిడ్1లో (రెండు డిస్కుల మీదా ఒకే డేటా ఉండే రకం) రెండోది పోయాక మిగిలిన ఒకే ఒక్క డిస్కులో ఒక సెక్టార్ చదవలేకపోయినా కాపీ అక్కడే ఆగుతుంది. అదే పని అంతులేకుండా తిరగకుండా కెర్నల్ రికవరీని ఆపేసి స్పేర్‌ని స్పేర్‌గానే ఉంచుతుంది. రెయిడ్5లో అయితే ఆ పాత డిస్కునే బయటికి గెంటేసి మొత్తం రెయిడ్ పడిపోవచ్చు.

మెటాడేటాలో బ్యాడ్ బ్లాక్ లాగ్ ఉంటే ఇంకోలా జరుగుతుంది. రీబిల్డ్ చివరిదాకా వెళ్తుంది, ఎండీస్టాట్‌లో [యూయూయూ] కూడా వస్తుంది. కానీ ఆ చదవలేని సెక్టార్లు రెండు డిస్కుల చిట్టాలోనూ బ్యాడ్‌గా నమోదై ఉంటాయి. వాటి మీద ఉన్న వీడియో ఫైలు తెరిస్తే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. పైకి అంతా పచ్చగా కనబడుతుంది కాబట్టి ఏ రీబిల్డ్ అయ్యాకైనా ప్రతి సభ్యుడి మీదా ఎండీఆడ్మ్ --ఎగ్జామిన్-బ్యాడ్‌బ్లాక్స్ ఒకసారి కొట్టండి.

ఇప్పుడు డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ -ఏ. చూడాల్సినవి నాలుగు అంకెలు: 5, 197, 198, 199. 197 పెండింగ్ సెక్టార్లు, చదవలేక వాయిదా వేసినవి. 198 ఆఫ్‌లైన్‌లో కూడా చదవలేనివి. 5 మార్చిన సెక్టార్లు. ఈ మూడూ డిస్కువి. 199 మాత్రం సీఆర్‌సీ తప్పుల లెక్క, డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిది. 199 పెరుగుతూ మిగతావి సున్నా అయితే డిస్క్ మార్చకండి, సాటా కేబుల్ మార్చండి. గోపాలపూర్, ఛత్రపురం లాంటి సముద్రం గాలి తగిలే చోట్ల కనెక్టర్ విప్పి చూస్తే, మెరవాల్సిన ఆ సన్నటి పట్టీలు కొసల్లో మసకబారి, పచ్చటి చుక్కలు పట్టి ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి రెండుసార్లు పెట్టి తీసి పెట్టినా కొన్నాళ్ళే. కొత్త క్లిప్ కేబుల్ వెయ్యడమే మేలు. 199 అంకె వెనక్కి తగ్గదు, కాబట్టి మార్చిన రోజు ఉన్న అంకె రాసుకుని వారం తర్వాత పోల్చండి.

పెండింగ్ సెక్టార్లే కారణమైతే, చదవలేని ఆ పాత డిస్కుని డీడీరెస్క్యూతో వేరే డిస్క్ మీదికి ఎత్తాలి. ముందు రెయిడ్‌ని --స్టాప్ చెయ్యండి. మొదటి విడత -ఎన్‌తో, బాగున్నదంతా ముందు వచ్చేస్తుంది. రెండో విడత -డీ -ఆర్3తో, చెడ్డ చోట్లని మూడుసార్లు ప్రయత్నిస్తుంది. రెండు విడతలకీ ఒకే మ్యాప్‌ఫైల్ ఇవ్వాలి, అది ఈ డిస్కుల మీద కాకుండా పెన్‌డ్రైవ్ మీద ఉండాలి. స్పేర్‌గా తెచ్చిన డిస్కునే ఇందుకు వాడుకోవచ్చు. తక్కువ సైజు కాకుండా చూసుకోండి. అయ్యాక పాత డిస్కుని మిషన్ నుంచి తప్పక విప్పెయ్యాలి. కాపీకీ అసలుకీ ఒకే యూయూఐడీ ఉంటుంది, రెండూ ఉంటే అసెంబుల్ దేన్ని తీసుకుంటుందో చెప్పలేం. కాపీతో రెయిడ్ లేపి, ఫైల్‌సిస్టమ్ చెక్ చేసి, ఆ తర్వాత ఇంకో డిస్కుని స్పేర్‌గా చేర్చి రీబిల్డ్ నడపండి.

ఇంత దూరం రాకుండా ఆపే మార్గం ఒకటి ఉంది. ఒక డిస్కులో 197 పైకి లేవగానే చాలామంది దాన్ని --ఫెయిల్ చేసి స్పేర్ ఎక్కనిస్తారు. అది చెయ్యకండి. ఫెయిల్ చేసిన క్షణం నుంచి రెయిడ్5కి రక్షణ లేదు, మిగతా డిస్కుల్లో ఏ మూల ఒక సెక్టార్ చెడ్డా రికవరీ ఇరుక్కుంటుంది. మామూలు డిస్కుల డేటాషీట్‌లో చదవలేని తప్పు కోటి కోట్ల బిట్లకు ఒకటి లోపు అని రాస్తారు, అంటే 12.5 టీబీ చదివితే ఒకటి దాకా. పెద్ద రెయిడ్ రీబిల్డ్‌కి అది దూరపు అంకె కాదు. దానికి బదులు ఎండీఆడ్మ్ /డెవ్/ఎండీ0 --రీప్లేస్ /డెవ్/ఎస్‌డీబీ1 --విత్ /డెవ్/ఎస్‌డీడీ1 ఇవ్వండి. జబ్బు డిస్క్ రెయిడ్‌లోనే ఉంటూ స్పేర్ మీదికి కాపీ అవుతుంది. చదవలేని సెక్టార్లని మిగతా డిస్కుల పారిటీ నుంచి తీసుకుంటుంది. పూర్తయ్యాకే పాతది ఫాల్టీ అవుతుంది. 2012లో వచ్చిన కెర్నల్ 3.3 నుంచి ఈ సౌకర్యం ఉంది. స్పేర్ వల్ల వచ్చే అసలు లాభం, నా దృష్టిలో, ఇదే.

డెస్క్‌టాప్ డిస్కులు వాడేవాళ్ళు ఇంకొకటి సరిచెయ్యాలి. చెడ్డ సెక్టార్ ఎదురైతే అవి రెండు నిమిషాల దాకా తమలో తామే కుస్తీ పడతాయి. కెర్నల్ ఓపిక 30 సెకన్లే. అది దాటగానే డిస్క్ పోయిందనుకుని లింక్ రీసెట్ చేసి, బాగున్న డిస్కుని కూడా బయటికి తోస్తుంది. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 ఒప్పుకునే డిస్క్ ఏడు సెకన్లలో తప్పు ఒప్పుకుంటుంది. ఒప్పుకోని వాటికి సిస్, బ్లాక్, ఎస్‌డీబీ, డివైస్ కింద టైమౌట్ ఫైల్లో 180 రాయాలి. రెండు సెట్టింగులూ ఆఫ్ చేస్తే పోతాయి కాబట్టి బూట్ స్క్రిప్ట్‌లో పెట్టండి, స్పేర్‌కి కూడా.

రెండు రెయిడ్‌లకి ఒకటే స్పేర్

కాన్ఫ్ ఫైల్లో రెండు అర్రే లైన్ల చివరా స్పేర్-గ్రూప్=స్టూడియో అని ఒకే పేరు పెడితే, ఒకదాని స్పేర్ అవసరమైతే ఇంకోదానికి వెళ్తుంది. ఈ పని చేసేది కెర్నల్ కాదు, వెనక నడిచే ఎండీఆడ్మ్ మానిటర్. ఆ సర్వీస్ ఆగి ఉంటే స్పేర్ ఉన్నచోటే ఉంటుంది. ఇచ్చే రెయిడ్ నిండుగా ఉండాలి, అడిగే రెయిడ్‌కి సొంత స్పేర్ ఉండకూడదు, సైజు సరిపోవాలి.

మానిటర్ మెయిల్ పంపుతుందో లేదో ఎండీఆడ్మ్ --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్‌తో చూడండి. ఫెయిల్, ఫెయిల్‌స్పేర్, డీగ్రేడెడ్‌అర్రే, స్పేర్స్‌మిస్సింగ్, టెస్ట్‌మెసేజ్ ఈ అయిదింటికే మెయిల్ వస్తుంది. స్పేర్ ఎక్కి పని పూర్తి చేసిందన్న స్పేర్‌యాక్టివ్‌కి రాదు. అందువల్ల ఫెయిల్ మెయిల్ చూడకుండా వదిలేస్తే, స్పేర్ ఖర్చైపోయిన సంగతి తెలియకుండా నెలలు గడిచిపోతాయి.

ఇదంతా పెళ్ళి డేటా మీద నేర్చుకోనక్కర్లేదు. ట్రంకేట్‌తో 200 ఎంబీ ఫైళ్ళు నాలుగు చేసి, లూసెటప్‌తో లూప్ డివైస్‌లుగా (డిస్కుల్లా పనిచేసే ఫైళ్ళు) మార్చి, --లెవెల్=5 --రెయిడ్-డివైసెస్=3 --స్పేర్-డివైసెస్=1తో ఎండీ9 కట్టండి. ఒకదాన్ని --ఫెయిల్ చేసి ఎండీస్టాట్ చూస్తుండండి, సెకన్లలో ఎస్ మాయమై రికవరీ లైన్ వస్తుంది. రీప్లేస్, రీ-యాడ్ అన్నీ అక్కడే చేసి చూడవచ్చు.

స్పేర్‌ని ఎవరూ చదవరు

డెబియన్‌లో నెలకోసారి, రెడ్‌హ్యాట్‌లో వారానికోసారి రెయిడ్ చెక్ నడుస్తుంది. అది డేటా ఉన్న డిస్కుల్నే చదువుతుంది. స్పేర్ దాని దృష్టిలో లేదు. మూడేళ్ళు కరెంటు తింటూ, వేడికి ఉడుకుతూ, ఒక్క సెక్టార్ కూడా చదవబడకుండా కూర్చున్న డిస్క్, అవసరం పడ్డ రాత్రి మొదటిసారి పూర్తిగా రాయబడుతుంది. అది ఎలా ఉందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

కొత్తగా కొన్నదాన్ని చేర్చే ముందు బ్యాడ్‌బ్లాక్స్ -డబ్ల్యూ -బీ 4096 నడపండి. నాలుగు నమూనాలు రాసి, నాలుగుసార్లు చదువుతుంది. 4 టీబీకి రెండున్నర రోజులు పడుతుంది. డిస్క్ మొత్తం చెరిపేస్తుంది కాబట్టి ఖాళీ దాని మీదే. వారంటీలో వెనక్కి ఇవ్వాల్సిన డిస్క్ ఈ దశలోనే బయటపడితే నయం. రెయిడ్‌లో చేరాక స్మార్ట్‌సీటీఎల్ -టీ లాంగ్ నెలకోసారి, క్రాన్‌లో. ఏడాదికోసారి --రీప్లేస్ --విత్‌తో స్పేర్‌ని లోపలికి తెచ్చి, పాతదాన్ని --రిమూవ్, --జీరో-సూపర్‌బ్లాక్ చేసి స్పేర్‌గా వెనక్కి చేర్చడం ఇంకా మంచి పద్ధతి. అన్ని డిస్కులూ వంతులవారీగా పూర్తిగా రాయబడతాయి.

సిస్టమ్ కూడా రెయిడ్1 మీదే ఉంటే, స్పేర్ ఎక్కినంత మాత్రాన బూట్ అవుతుందనుకోవద్దు. బూట్‌లోడర్ రెయిడ్ లోపల ఉండదు. స్పేర్ మీద కూడా ముందే గ్రబ్-ఇన్‌స్టాల్ చేసి పెట్టాలి. యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బయోస్) అయితే బూట్ ఫైళ్ళు ఉండే ఈఎస్‌పీ పార్టిషన్ కాపీ కావాలి.

మూడు డిస్కుల రెయిడ్5, పక్కన ఒక స్పేర్ అన్న అమరిక చూసిన ప్రతిసారీ అదే నాలుగు డిస్కులతో రెయిడ్6 చెయ్యమని చెబుతాను. జాగా అంతే వస్తుంది, రెండు డిస్కుల పాటి. నాలుగో డిస్క్ ఖాళీగా కూర్చోకుండా ప్రతి నెలా చెక్‌లో చదవబడుతుంది, ఒకటి పోయినా రీబిల్డ్ జరిగేంతసేపూ ఇంకో డిస్క్ రక్షణ మిగిలే ఉంటుంది. విశాఖ నుంచి డిస్క్ రావడానికి నాలుగు రోజులు పట్టే చోట ఈ తేడా చిన్నది కాదు. రాతల వేగం కాస్త తగ్గుతుంది, వీడియో ఫైళ్ళు దాచే పనికి అది తెలియదు.

మార్చడానికి ఎండీఆడ్మ్ --గ్రో /డెవ్/ఎండీ0 --లెవెల్=6 --రెయిడ్-డివైసెస్=4 --బ్యాకప్-ఫైల్=/రూట్/ఎండీ0.బ్యాక్. ముందు అన్ని డిస్కుల స్మార్ట్ చూసి, ముఖ్యమైన డేటా వేరే చోటికి కాపీ తీసుకున్నాకే. ఇన్వర్టర్ ఒక్కటీ నమ్ముకోవద్దు. ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో కంప్యూటరు ఆరిపోవచ్చు, మధ్యలో యూపీఎస్ ఉండాలి. రీషేప్ ఒకటి రెండు రోజులు నడవవచ్చు. మధ్యలో ఆగితే, అదే బ్యాకప్ ఫైలు ఇచ్చి అసెంబుల్ చేస్తే ఆగినచోటి నుంచి సాగుతుంది. అందుకే ఆ ఫైలు ఈ రెయిడ్ మీద ఉండకూడదు, రీస్టార్ట్‌తో ఖాళీ అయ్యే టెంప్ ఫోల్డర్‌లో అసలే ఉండకూడదు.